యూనిఫాం విప్పాక ఇంటెలిజెన్స్ పని: ఎవరిని అడగాలి?

(బెంగళూరులో స్థిరపడిన తెలుగు మాజీ సైనికులు, త్వరలో డిశ్చార్జ్ కాబోతున్న జవాన్లు కలిసిన ఒక ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినట్టే ఉంచాం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటినే ఇచ్చాం.)

జై హింద్. అందరికీ నమస్కారం. సుబేదార్ మేజర్ సాబ్ ముందు వరసలోనే కూర్చున్నారు, నాకు ఇంకా సావధాన్‌లో నిలబడాలనే ఉంది. మీరు మాత్రం విశ్రామ్‌లో వినండి.

ఈ హాల్లో సగం మంది గిద్దలూరు, కంభం, మార్కాపురం వైపు వాళ్ళే కనిపిస్తున్నారు. శ్రీకాకుళం వాళ్ళున్నారు. మిలటరీ మాధవరం నుంచి కూడా వచ్చారట, వాళ్ళ ఇళ్ళల్లో తాతల నాటి డిశ్చార్జ్ పుస్తకాలు ఉంటాయి, వాళ్ళకు నేను చెప్పేదేముంది. ఎంఈజీ సెంటర్, ఏఎస్‌సీ సెంటర్, సీఎంపీ సెంటర్, జాలహళ్ళి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్, ఇలా ఈ ఊళ్ళోని ఏదో ఒక సైనిక కేంద్రానికి పోస్టింగ్ మీద వచ్చి, పిల్లల చదువులని ఇక్కడే ఆగిపోయిన వాళ్ళమే అందరం.

నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే తీరుగా మొదలవుతాయి. "అన్నా, నువ్వు ఇంటెలిజెన్స్ పనిలో ఉన్నావంట గదా. మనోళ్ళెవరైనా ఉంటే ఒక మాట చెప్పించు." మాట చెప్పిస్తే వచ్చే ఉద్యోగాలు ఈ ఊళ్ళో ఉన్నాయి, కాదనను. ఈ పని అలా రాదు. ఇక్కడ నిన్ను గది లోపలికి తీసుకెళ్ళేది నువ్వు రాసిన ఒక పేజీ. కాబట్టి నీకు కావలసింది ఆ పేజీని చదివి, ఎర్ర పెన్నుతో గీతలు పెట్టి, "ఇది మళ్ళీ రాయి" అనే మనిషి. ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు, అతన్ని ఎలా అడగాలి అన్నదే ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది. కానీ ఉద్యోగాల సంగతి చెప్పకుండా మనుషుల గురించి మాట్లాడితే మీరు ఊరుకోరు. అందుకని అవి ముందు.

సర్కారు దారితో మొదలుపెడతాను. ఐబీ, అంటే ఇంటెలిజెన్స్ బ్యూరో, కేంద్ర హోం శాఖ కింద ఉంటుంది. బహిరంగంగా నోటిఫికేషన్ ఇచ్చి, పరీక్ష పెట్టి మనుషుల్ని తీసుకుంటుంది. ఇందులో రహస్యం ఏమీ లేదు. 2025 జులైలో ఏసీఐఓ, అంటే అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్, గ్రేడ్-2 ఎగ్జిక్యూటివ్‌కు 3,717 ఖాళీలు, సెక్యూరిటీ అసిస్టెంట్‌కు 4,987 ఖాళీలు ప్రకటించారు. మొదటిదానికి డిగ్రీ కావాలి, రెండోదానికి పదో తరగతి చాలు. రెండూ గ్రూప్ సి. కేంద్రంలో గ్రూప్ సి పోస్టులకు మాజీ సైనికులకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. ఏ నోటిఫికేషన్‌లో మనకు ఎన్ని చూపించారన్నది దాని పట్టికలోనే చూసుకోండి, యూట్యూబ్‌లో కాదు.

వయసు దాటిపోయిందని మనవాళ్ళు చాలామంది చూడకుండానే వదిలేస్తారు. ఈ లెక్క ఒకసారి వినండి. ఇప్పుడున్న వయసులోంచి సైన్యంలో చేసిన సర్వీసు తీసేయాలి. మిగిలింది గరిష్ఠ వయసును మూడేళ్ళకు మించి దాటకూడదు. నీకు 36, సర్వీసు 17 అనుకో. మిగిలేది 19. అంటే పరీక్ష హాల్లో నీ పక్కన కూర్చున్న కుర్రాడికన్నా కాగితం మీద నువ్వే చిన్నవాడివి. (నవ్వులు.) అలాగే పదో తరగతి పాసై 15 ఏళ్ళు సర్వీసు చేసినవాళ్ళను, సాంకేతిక అనుభవం తప్పనిసరి కాని గ్రూప్ సి పోస్టులకు డిగ్రీ ఉన్నవాళ్ళతో సమానంగా చూడవచ్చన్న నిబంధన ఉంది. డిశ్చార్జ్‌కు ముందు చివరి ఏడాదిలోనే అప్లికేషన్ పెట్టుకోవచ్చు. ఇంకొకటి, ఇది రాసుకోండి. మాజీ సైనికుల కోటాలో ఒక సివిల్ ఉద్యోగంలో చేరిపోతే ఆ తర్వాత కోటా పోతుంది. అయితే చేరిన వెంటనే, అంతకుముందే ఏయే ఉద్యోగాలకు అప్లై చేశావో జాబితా రాసి ఆఫీసులో ఇస్తే, వాటికి మాత్రం కోటా నిలుస్తుంది. 2014 ఆగస్టులో కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ, డీఓపీటీ, ఇచ్చిన ఆదేశం ఇది. ఆ ఒక్క కాగితం ఇవ్వక ఏసీఐఓకి దూరమైనవాళ్ళు ఉన్నారు.

సెక్యూరిటీ అసిస్టెంట్ పరీక్షలో రెండో అంచె ఒక అనువాదం. 500 పదాల ప్యాసేజీని స్థానిక భాష నుంచి ఇంగ్లీషులోకి, ఇంగ్లీషు నుంచి స్థానిక భాషలోకి రాయాలి. మనకైతే తెలుగు. "తెలుగే కదా" అని నవ్వుకుంటారు. పదిహేడేళ్ళు హిందీలో తిట్టించుకుని, హిందీలో తిట్టి, ఇంటికి ఫోన్లో తప్ప తెలుగు వాడనివాడు పెన్ను పట్టుకుంటే ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక చెమటలు పడతాయి. రోజూ పేపర్లో ఒక వార్త తీసుకుని అటూ ఇటూ రాయండి. ఈ అలవాటు ముందు ముందు ఇంకోచోట కూడా పనికొస్తుంది, చెబుతాను.

'రా' సంగతి అడుగుతారని తెలుసు. 1968 సెప్టెంబరులో ఆర్.ఎన్. కావ్ మొదటి అధిపతిగా మొదలైంది, కేబినెట్ సెక్రటేరియట్ కింద ఉంటుంది. సినిమాల్లో చూసే పనికి పేపర్లో ప్రకటన రాదు. కానీ కేబినెట్ సెక్రటేరియట్ అప్పుడప్పుడు గేట్ స్కోరు మీద డిప్యూటీ ఫీల్డ్ ఆఫీసర్ టెక్నికల్ పోస్టులకు ప్రకటన ఇస్తుంది, మీ పిల్లల్లో ఇంజినీర్లు ఉంటే చెప్పండి. 2004లో వచ్చిన సాంకేతిక నిఘా సంస్థ ఎన్‌టీఆర్‌ఓ కూడా సాంకేతిక పోస్టులకు ప్రకటనలు ఇస్తుంటుంది. ఇంకా సర్వీసులో ఉన్నవాళ్ళకు డెప్యుటేషన్ దారి ఉంది. అది మీ యూనిట్ ద్వారా, సరైన చానెల్లోనే వెళ్తుంది. "లోధీ రోడ్డులో, అదే 'రా' ఆఫీసులో, మావాడున్నాడు, ఆరు లక్షలు సర్దు" అనేవాడు ఎవడైనా ఎదురైతే అతనికి టీ కూడా ఇప్పించకండి. ఇంకో రకం ఉన్నారు. మూడు సింహాల బొమ్మ వేసిన ఐడీ కార్డు, పైన 'ఇంటెలిజెన్స్' అని ఏదో పేరు, కొంత డబ్బు కడితే నువ్వు జిల్లా ప్రెసిడెంట్. టోల్ గేటు దగ్గర కూడా పనికిరాని కార్డు అది. అది చూపించి పోలీసు కేసులో ఇరుక్కుంటే పెన్షన్‌కు కూడా టెన్షనే.

ఇక రెండో దారి. ఇది మనకు దగ్గరది. అవుటర్ రింగ్ రోడ్డు మీద, వైట్‌ఫీల్డ్‌లో, మాన్యతాలో ఆ అద్దాల బిల్డింగుల్లో విదేశీ కంపెనీల సొంత ఆఫీసులు, జీసీసీలు (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లు) ఉన్నాయి కదా, దేశం మొత్తం మీద 1,700కు పైగా ఉన్నాయని 2024లో ఐటీ కంపెనీల సంఘం నాస్కామ్ చెప్పింది, అన్నిటికన్నా ఎక్కువ ఈ ఊళ్ళోనే. వాటిలో చాలా చోట్ల ఒక గది ఉంటుంది. జీసాక్ అంటారు, గ్లోబల్ సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్. గోడ నిండా స్క్రీన్లు, ఇరవై నాలుగు గంటలూ షిఫ్టులు. జపాన్‌లో భూకంపం వస్తే అక్కడ మన కంపెనీ మనుషులెందరు, హోటల్ ఏది, ఫోన్ కలిసిందా. ఇంకో దేశంలో సైన్యం అధికారం పట్టుకుంటే ఎయిర్‌పోర్టు తెరిచే ఉందా. ఊళ్ళో బంద్ అంటే రేపు ఆఫీసు నడుస్తుందా. ఇవన్నీ చూసి, వడగట్టి, పది నిమిషాల్లో రాసి పైకి పంపాలి. జీసాక్ అనలిస్ట్, థ్రెట్ ఇంటెలిజెన్స్, ట్రావెల్ రిస్క్, ఇలా రకరకాల పేర్లతో ప్రకటనలు వస్తాయి. మొదటి ఉద్యోగం చాలాసార్లు కంపెనీ పేరు మీద రాదు. సెక్యూరిటీ కాంట్రాక్టరు జీతంలో ఉండి కంపెనీ గదిలో కూర్చుంటావు. చిన్నతనం అనుకోకండి, లోపలికి వచ్చిన చాలామంది ఆ గుమ్మం గుండానే వచ్చారు.

పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో చూపిస్తాను. 2023 సెప్టెంబరులో కావేరి నీళ్ళ గొడవ గుర్తుందా? 26న బెంగళూరు బంద్, 29న కర్ణాటక బంద్. ఆ 26వ తేదీ బంద్ మీదే ఒక నోట్ రాయమని కొత్తగా వచ్చిన మనవాళ్ళకు నేను అభ్యాసంగా ఇస్తుంటాను. సాధారణంగా ఇలా రాసుకొస్తారు: "విశ్వసనీయ వర్గాల సమాచారం ప్రకారం 26న బంద్ కలదు. పరిస్థితి ఉద్రిక్తంగా మారు అవకాశం కలదు. అందరూ అప్రమత్తంగా ఉండవలెను."

మనకు సర్వీసులో అలవాటైన భాష ఇదే, చదవడానికి గంభీరంగానే ఉంటుంది. ఇప్పుడు రాత్రి పదకొండు గంటలకు దీన్ని చదివే ఆఫీసు మేనేజరు కుర్చీలో కూర్చోండి. విశ్వసనీయ వర్గాలు అంటే ఎవరు? పోలీసు ప్రకటనా, డ్రైవర్ల వాట్సాప్ గ్రూపా? ఉద్రిక్తం అంటే రాళ్ళు పడతాయా, బస్సులు ఆగుతాయా? అందరూ అంటే నైట్ షిఫ్టులో ఉన్నవాళ్ళా, పొద్దున్నే బయల్దేరేవాళ్ళా? అతను నిర్ణయం తీసుకోవడానికి ఇందులో ఒక్క ముక్క లేదు.

అదే నోట్ ఇలా ఉండాలి. మంగళవారం బంద్‌కు రైతు సంఘాలు, కన్నడ సంఘాలు పిలుపునిచ్చాయి. పోలీసులు 144 సెక్షన్ పెట్టారు, స్కూళ్ళకు కాలేజీలకు సెలవు ఇచ్చారు, మెట్రో నడుస్తుందన్నారు. ఈ మూడూ అధికారిక ప్రకటనలు, మేం నేరుగా చూశాం. ఇంతకుముందు ఏం జరిగింది? 2016 సెప్టెంబరు 12న ఇదే కావేరి విషయంలో ఒక ట్రావెల్స్ డిపోలో బస్సులు పదుల సంఖ్యలో తగలబడ్డాయి, తమిళనాడు నంబరు బండ్లను వెతికి మరీ కొట్టారు. మా అంచనా: ఆఫీసు గేటు దగ్గర గొడవకు అవకాశం తక్కువ, రాకపోకలకు ఇబ్బంది కలిగే అవకాశం ఎక్కువ, తమిళనాడు రిజిస్ట్రేషన్ ఉన్న క్యాబ్‌లకు అన్నిటికన్నా ఎక్కువ. నమ్మకం ఓ మోస్తరు. చేయాల్సింది: ఆ నంబరు బండ్లను ఆ రోజు రోడ్డెక్కనివ్వకండి, నైట్ షిఫ్టును ఉదయం ఆరులోపు ఇళ్ళకు పంపండి, నిర్ణయం ముందురోజు సాయంత్రం అయిదుకల్లా కావాలి. ఏది జరిగితే మా అంచనా మారుతుంది: మెట్రో ఆగిపోతే, లేదా ఎక్కడైనా బండి తగలబెట్టారని పోలీసులు ధ్రువీకరిస్తే.

ఇందులో గొప్ప ఇంగ్లీషు లేదు. చూసింది వేరు, విన్నది వేరు, అనుకున్నది వేరు, అంతే. ఓపీలో, అంటే పరిశీలనా పోస్టులో, కూర్చున్న ప్రతివాడికీ ఈ తేడా తెలుసు. "కదలిక కనిపించింది" అని రేడియోలో చెబితే వెంటనే అవతల నుంచి "ఎంతమంది, ఎటువైపు, ఎంత దూరం, నువ్వు చూశావా?" అని అడుగుతారు కదా. సమాచారానికి మార్కులు వేసే పాత పద్ధతి ఒకటుంది, బ్రిటిష్ నేవీ నుంచి వచ్చింది. చెప్పిన మనిషి ఎంత నమ్మకస్తుడో ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరం, చెప్పిన విషయం ఎంత నమ్మదగిందో 1 నుంచి 6 దాకా అంకె. మనిషికీ మాటకూ విడివిడిగా మార్కులన్నమాట. నమ్మకస్తుడు కూడా తప్పు సమాచారం తేవచ్చు, ఎవరో తెలియనివాడు నిజం చెప్పవచ్చు. 1999 మేలో బటాలిక్ దగ్గర తప్పిపోయిన యాక్‌ను వెతుక్కుంటూ వెళ్ళిన తాషీ నాంగ్యాల్ బైనాక్యులర్స్‌లో మనుషులు బంకర్లు తవ్వడం చూసి వచ్చి సైన్యానికి చెప్పాడు. పశువుల కాపరి. ఆయన కార్గిల్ యుద్ధం వస్తుందని చెప్పలేదు, చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ తర్వాత ఎక్కడ లోపం జరిగిందో చూడటానికి కె. సుబ్రహ్మణ్యం గారి కమిటీ కూర్చోవడం, 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ రావడం మీకు తెలిసిందే.

మిగిలిన దారులు వేగంగా చెబుతాను. సిగ్నల్స్ నుంచి, ఈఎంఈ నుంచి, ఎయిర్‌ఫోర్స్ టెక్నికల్ ట్రేడ్‌ల నుంచి వచ్చినవాళ్ళకు సైబర్ వైపు సాక్ (సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్) ఉద్యోగాలున్నాయి. రిజర్వ్ బ్యాంకు 2016లోనే బ్యాంకులకు సైబర్ సాక్ పెట్టుకోమంది. దాడి జరిగితే ఆరు గంటల్లో రిపోర్టు చేయాలని కేంద్రంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022లో అన్ని సంస్థలకూ చెప్పింది. ఆరు గంటలంటే రాత్రిపూట మెలకువగా ఉండే మనిషి కావాల్సిందే. బ్యాంకుల బ్యాక్ ఆఫీసుల్లో మనీ లాండరింగ్ అనలిస్టులు ఉంటారు. పది లక్షలకు మించిన నగదు లావాదేవీలు, అనుమానం కలిగించే లావాదేవీలు కేంద్ర ఆర్థిక నిఘా విభాగమైన ఎఫ్‌ఐయూకి వెళ్ళాలి, ఆ అనుమానాన్ని కారణాలతో రాసేవాడు అనలిస్టే. క్వార్టర్ మాస్టర్ స్టోర్స్‌లో లెడ్జర్ పట్టిన హవల్దార్లు ఈ పనిలో బాగా రాణిస్తారని నా నమ్మకం. లెక్క కలవకపోతే వాళ్ళకు నిద్ర పట్టదు.

ప్రైవేటు డిటెక్టివ్ ఏజెన్సీల గురించి మాత్రం జాగ్రత్త. సెక్యూరిటీ ఏజెన్సీలకు 2005 నాటి పసారా చట్టం ఉంది. డిటెక్టివ్‌లకు చట్టమే లేదు. 2007లో బిల్లు పెట్టారు, 2020లో వెనక్కి తీసుకున్నారు. మంచివాళ్ళు లేరని కాదు. కానీ అక్కడ చేరిన కొద్దిరోజులకే ఎవరైనా "ఆ నంబరు కాల్ డేటా తెప్పించు, మీ మిలటరీ వాళ్ళకు పరిచయాలుంటాయి గదా" అంటే అదే రోజు బ్యాగు సర్దుకోండి. 2018లో ఠాణే పోలీసులు కాల్ రికార్డులు కొన్న డిటెక్టివ్‌లను వరసగా అరెస్టు చేశారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దారి చూపే మనిషి.

మనవాళ్ళకు వెంటనే గుర్తొచ్చేది పాత సీఓ సాబ్, అంటే కమాండింగ్ ఆఫీసర్. ఆయన ఇప్పుడు ఏదో పెద్ద కంపెనీలో వైస్ ప్రెసిడెంట్. వెళ్ళి కలవండి, తప్పులేదు, ఆయన ఒకటి రెండు పేర్లు చెబుతారు. కానీ మీ పేజీ దిద్దడానికి ఆయన సరైన మనిషి కాదు. మీకు అర్థం కానిది "అర్థం కాలేదు సర్" అని మీరు అనలేరు. మీరు రాసింది బాగా లేదని ఆయన మొహమాటం కొద్దీ అనరు. పదిహేనేళ్ళ సెల్యూట్ ఆ బల్ల మీద మీ ఇద్దరి మధ్య కూర్చుని ఉంటుంది. మీకు కావలసింది మీకన్నా రెండు మూడేళ్ళ ముందు బయటికొచ్చిన నాయకో, హవల్దారో, సార్జెంటో. ఏ కోర్సు దండగ, ఏ ఇంటర్వ్యూలో ఏం అడిగారు, మొదటి నైట్ షిఫ్టు ఎంత కష్టం, ఇవన్నీ అతనికి ఇంకా పచ్చిగా గుర్తుంటాయి. పెద్దాయనకు దారి మారిపోయిందని కూడా తెలియదు.

అతను ఎక్కడుంటాడు? యూనిట్ వాట్సాప్ గ్రూపులోనే. డీజీఆర్, అంటే సైనికుల పునరావాస శాఖ, పెట్టే కోర్సులో మీ పక్క బెంచీ మీద. జేసీఓలకు, జవాన్లకు ఆ కోర్సుల ఫీజు ప్రభుత్వమే కడుతుంది. సర్టిఫికెట్ కన్నా ఆ బ్యాచ్‌లో పరిచయాలు ముఖ్యం. మాజీ సైనికులకు ఉద్యోగాలు చూపించే సంస్థలు, ఆర్మీ వాళ్ళకు ఏడబ్ల్యూపీఓ, ఎయిర్‌ఫోర్స్‌కు ప్లేస్‌మెంట్ సెల్, నేవీకి ఐఎన్‌పీఏ ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఎలాగూ చేస్తారు. అక్కడి సిబ్బందిని "ఈ మధ్య అనలిస్ట్ పనికి ఎవరైనా వెళ్ళారా" అని ఒక్క మాట అడగండి. నిజం చెప్పాలంటే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో మందుల క్యూని మించిన నెట్‌వర్కింగ్ మీట్ ఈ బెంగళూరులో లేదు. (నవ్వులు.) సైబర్ వాళ్ళు 'నల్' అనే సెక్యూరిటీ కమ్యూనిటీ బెంగళూరు సమావేశాలకు వెళ్ళండి, ప్రవేశం ఉచితం. కార్పొరేట్ సెక్యూరిటీ వాళ్ళకు ఏసిస్ అనే అంతర్జాతీయ సంస్థ శాఖ ఈ ఊళ్ళో ఉంది.

రెండో మనిషి ఒకరు కావాలి, సైన్యం మొహం చూడనివాళ్ళు. ఇది మనకు మింగుడు పడదు. మా టీమ్‌లో గుంటూరు అమ్మాయి ఒకతె ఉంది, ఎంఏ చేసింది, ఇరవై ఆరేళ్ళు. పొదిలి వైపు నుంచి కొత్తగా చేరిన నాయక్ తన మొదటి డ్రాఫ్టు ఆమెకు ఇచ్చాడు. "భారీ సంఖ్యలో నిరసనకారులు" అన్నచోట ఆమె గుండ్రంగా చుట్టి పక్కన "ఎంత అంకుల్?" అని రాసింది. "వెంటనే" అన్నచోట "ఎన్నింటికి?" అని రాసింది. ఒక ఫోటో కింద "ఇది పాతది" అని రాసి, అదే ఫోటో రెండేళ్ళ కిందట ఇంకో ఊరి వార్తలో వచ్చిందని లింకు పెట్టింది. ఆయన మొహం ఎర్రబడింది. సాయంత్రం వెళ్ళి ఆమె దగ్గరే కూర్చుని ఫోటోను వెనక్కి వెతకడం, నీడను బట్టి టైమ్ అంచనా కట్టడం, సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దింపుకోవడం నేర్చుకున్నాడు. మ్యాప్ రీడింగ్ వచ్చినవాడు కదా, ఆ ఉపగ్రహ చిత్రంలో వాగు ఎటు పారుతుందో ఆమెకు చెప్పింది ఇతనే. అప్పటి నుంచి ఇద్దరిదీ జోడీ.

ఎలా అడగాలి? నాకు వచ్చే మెసేజ్‌లు ఇలా ఉంటాయి: "జై హింద్ సర్, 17 ఇయర్స్ ఎక్స్‌పీరియెన్స్, ఎనీ జాబ్, ప్లీజ్ హెల్ప్." కింద ఆరు పేజీల బయోడేటా. దీనికి నేనేం చేయగలను? జాలిపడగలను. ఇలా రాసి చూడండి: "అన్నా నమస్తే. మార్చిలో డిశ్చార్జ్ అవుతున్నాను. మీరు సిగ్నల్స్ నుంచి అనలిస్ట్ పనిలోకి వెళ్ళారని మన ఫలానా సాబ్ చెప్పారు. ఉద్యోగం కోసం కాదు. మొన్నటి తుపాను మీద ఒక పేజీ రాశాను. వీలున్నప్పుడు చదివి ఎక్కడ తేలిపోయిందో చెబితే చాలు." అడగనిదే అమ్మైనా పెట్టదంటారు, నిజమే, కానీ ఏం అడుగుతున్నావో అమ్మకైనా తెలియాలి కదా. ఒక పేజీ చదవమంటే కాదనేవాళ్ళు తక్కువ. దిద్ది పంపాక, సరిచేసింది మళ్ళీ పంపండి. నూటికి తొంభై మంది ఇక్కడే ఆగిపోతారని నా అనుభవం, లెక్కగా చెప్పడం లేదు. రెండోసారి పంపినవాణ్ణి ఎవరూ మరచిపోరు. ఖాళీ వచ్చినప్పుడు మొదట గుర్తొచ్చేది అతనే. ఇక రోజూ గుడ్ మార్నింగ్ గులాబీలు పంపడం వల్ల ఎవరికీ ఉద్యోగం రాలేదు, దయచేసి ఆపండి.

ఇందులో ఒక ప్రమాదముంది, దాన్ని కాస్త నింపాదిగా చెప్పాలి. మనం ఎవరినైనా వెతుక్కుంటూ వెళ్ళడం వేరు, ఎవరో మనల్ని వెతుక్కుంటూ రావడం వేరు. 2021లో బ్రిటన్‌లో ఎంఐ5 ఒక హెచ్చరిక ఇచ్చింది. అయిదేళ్ళలో కనీసం పది వేలమంది బ్రిటన్ పౌరులను లింక్డ్ఇన్‌లో విదేశీ గూఢచారుల నకిలీ ప్రొఫైళ్ళు పలకరించాయట. పద్ధతి ఇలా ఉంటుంది. ముందు పొగడ్త. తర్వాత కన్సల్టెన్సీ అవకాశం. మొదటి రిపోర్టు పేపర్లో దొరికే విషయం మీదే, డబ్బు ఠంచనుగా పడుతుంది. మూడోదో నాలుగోదో అడిగేసరికి "మీ పాత సెక్టారులో రోడ్డు ఎంతవరకు వేశారు?" సరిహద్దులో పనిచేసి, డిశ్చార్జ్ దగ్గరపడి, లోన్ ఉన్న మనిషి ఎక్కడున్నాడా అని వెతికేవాళ్ళకు మీరు 'ఓపెన్ టు వర్క్' బోర్డు పెట్టుకుని ఎదురవుతున్నారు. ప్రొఫైల్ పెట్టుకోవద్దని కాదు. యూనిట్ పేరు, సెక్టారు, పరికరాల పేర్లు, ఆపరేషన్ల పేర్లు అందులో వద్దు. "ఎత్తైన ప్రాంతంలో 24 గంటల పరిశీలనా బృందానికి నాయకత్వం, రోజూ రాతపూర్వక నివేదికలు" అంటే ఇంటర్వ్యూ చేసేవాడికి అర్థమవుతుంది. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, డిశ్చార్జ్ అయినంత మాత్రాన మనల్ని వదలదు. 2007లో ఒక రిటైర్డ్ మేజర్ జనరల్ తాను పనిచేసిన గూఢచారి సంస్థ మీద పుస్తకం రాస్తే సీబీఐ ఆయన ఇంట్లో సోదా చేసి ఆ చట్టం కిందే కేసు పెట్టింది. ఇంటర్వ్యూలో ఎవరైనా తవ్వి తవ్వి అడిగితే "అది చెప్పలేను సర్" అనండి. మంచి కంపెనీలో ఆ జవాబుకే మార్కులు పడతాయి.

ప్రశ్నలుంటే అడగండి.

*మాకు ఇంగ్లీషు రాయడం కష్టం సాబ్. ఎలా?*

రిపోర్టులు ఇంగ్లీషులోనే ఉంటాయి, దాచి లాభం లేదు. కానీ వాళ్ళకు కావలసింది చిన్న వాక్యాలు. మనకు అలవాటైన ఆఫీసు ఇంగ్లీషు, ఆ 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' అంతా మరచిపోతే సగం పని అయినట్టే. ఇందాక చెప్పిన అనువాదం అభ్యాసం ఇక్కడే పనికొస్తుంది. తెలుగు వార్తను ఇంగ్లీషులో అయిదు వాక్యాల్లో రాయండి. ఇంకోటి, మీకు హిందీ వచ్చు, తెలుగు వచ్చు, బెంగళూరులో ఉండి కన్నడ వచ్చు, కొందరికి పంజాబీ, నేపాలీ కూడా వచ్చు. ఆ భాషల్లో వచ్చిన వీడియో విని ఏమంటున్నారో చెప్పగలిగినవాడి విలువ టీమ్‌లో వేరే. బయోడేటాలో భాషలు చివరి లైన్లో పడేస్తారు, పైకి తీసుకురండి.

*మా అబ్బాయి అగ్నివీర్. నాలుగేళ్ళయ్యాక వాడికి ఈ దారి ఉంటుందా?*

అగ్నివీర్‌లకు మనలాగా మాజీ సైనికుల హోదా రాదు, కాబట్టి నేను చెప్పిన కోటా, వయసు లెక్క వాడికి వర్తిస్తాయనుకోవద్దు. కేంద్ర సాయుధ బలగాల్లో వాళ్ళకు వేరే కోటా ప్రకటించారు. కానీ వాడు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళకే బయటికి వస్తాడు. సెక్యూరిటీ అసిస్టెంట్ గరిష్ఠ వయసు 27, మామూలుగానే రాయొచ్చు. ఇగ్నోలో అగ్నివీర్‌ల కోసమే డిగ్రీ పెట్టారు, శిక్షణకు కూడా క్రెడిట్లు కలుస్తాయి. అది పూర్తి చేయించండి. నాలుగేళ్ళ చివర్లో చేతికొచ్చే సేవానిధి డబ్బును కోచింగ్ సెంటర్ చేతిలో మాత్రం పెట్టనివ్వకండి.

*(ఒక మహిళ) మా వారు మార్చిలో వస్తున్నారు. ఆయన తరఫున వినడానికి వచ్చాను. నేను ఎంకామ్ చేశాను, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఇవన్నీ వింటుంటే నేనే చేయగలననిపిస్తోంది. సైన్యంలో చేయనివాళ్ళను తీసుకుంటారా?*

ఎందుకు తీసుకోరమ్మా, అక్కడ సగం మంది సివిలే. ఎంకామ్ అంటే బ్యాంకు వైపు మనీ లాండరింగ్ పని మీకు ఆయనకన్నా ముందే దొరకొచ్చు. మార్చి దాకా ఆగకండి. ఈ వారంలో పేపర్లో వచ్చిన ఏదైనా ఒక మోసం కేసు తీసుకోండి. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో, బ్యాంకు ఎక్కడ అనుమానపడాల్సిందో ఒక పేజీలో రాయండి. మీ వారిని కూడా ఫోన్లో అదే కేసు మీద రాయమనండి. ఇద్దరివీ పేర్లు లేకుండా నాకు పంపండి, దిద్ది పంపిస్తాను. ఎవరిది ఎక్కువ ఎర్రగా వచ్చిందో మీరే చూసుకోండి.